నాయన చేతిలో సత్తు ఫోను

మా నాయన చేతికి కొత్త ఫోను వస్తే ముందు గోటితో కొట్టి వింటాడు. కుండ కొనేటప్పుడు చూస్తామే, అట్లా. వెలిగే తెర, కెమెరాలు, రంగులు, వీటి జోలికి పోడు. పోయినా లాభం లేదు, ఆయనకు కనిపించవు. కంటి డాక్టరు నీటికాసులు అన్నాడు. చూపు అంచుల నుంచి తరుగుతూ వచ్చి, ఇప్పుడు ఎదురుగా మనిషి ఉన్నాడని మాత్రం తెలుస్తుంది. ఆ మనిషి ఎవరో గొంతు వింటే గాని తెలియదు. పోయింది తిరిగి రాదు, మిగిలిన కాస్తనూ చుక్కల మందుతో కాపాడుకోవాలి అన్నారు. నాయన రోజూ వేళ తప్పకుండా మందు వేసుకుంటాడు. ఆ విషయంలో నాకూ ఆయనకూ పేచీ లేదు. పేచీ అంతా గురువారాల గురించే.

మేము ఉండేది పెరంబూరులో. నాయన రైలు పెట్టెలు కట్టే చోట ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకు కోడంబాక్కంలో ఒక స్నేహితుడున్నాడు, సినిమా సెట్లకు వడ్రంగం చేసి మానుకున్నాయన. పెళ్ళి కాకముందు ఇద్దరూ ఒకే మెస్సులో భోంచేశారట. అప్పటి నుంచి ప్రతి గురువారం కలుసుకోవడం, కాఫీ తాగడం, దేని గురించో ఒకదాని గురించి పోట్లాడుకోవడం. ఇప్పుడు ఆయనకు మోకాళ్ళు పోయాయి, మూడంతస్తుల మెట్లు దిగలేడు. నాయన పోతేనే వాళ్ళ కలయిక. పోకపోతే ఆయన ఆ గదిలో, ఈయన ఈ గదిలో.

పెరంబూరులో రైలెక్కి సెంట్రల్‌లో దిగాలి. రోడ్డు కింద సబ్‌వే దాటి, పార్కు స్టేషనులో తాంబరం వైపు వెళ్ళే రైలు పట్టుకోవాలి. కర్ర చేతబట్టుకుని నాయన ఈ దారి ఒక్కడే పోయి వచ్చేవాడు. అడుగులు లెక్కపెట్టుకుంటానని చెప్పేవాడు. పోయిన వానాకాలంలో ఒకరోజు సబ్‌వేలో జనం తోసుకుని రావడంతో లెక్క తప్పాడు. వేరే మెట్లెక్కి నడిరోడ్డు మీద తేలాడు. బస్సుల మధ్య ఎంతసేపు నిలబడ్డాడో ఆయనకే తెలియదు. ఎవరో ట్రాఫిక్ పోలీసు చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించాడు. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చి, ఆ కథంతా నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. ఇంక ఒంటరిగా గడప దాటేది లేదని ఒంటికాలి మీద లేచాను.

తోడు వస్తే పోవచ్చు కదా అంటే దానికీ ఒప్పుకోలేదు. ఒక గురువారం మా ఆయన డ్యూటీకి సెలవు పెట్టి తీసుకుపోయాడు. నాయన ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాడు. అల్లుడు పక్కన కూర్చుని ఉంటే మనసారా పోట్లాడుకోవడానికి కుదరలేదట. ఆ తరవాత మూడు వారాలు ఎక్కడికీ పోలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. రేడియో పెట్టమని కూడా అడిగేవాడు కాదు. అప్పుడు నాకు ఆ నడిరోడ్డు కంటే ఈ గోడంటేనే ఎక్కువ భయమేసింది.

చివరికి నేనే ఒక మెట్టు దిగి షరతు పెట్టాను. మాట్లాడే ఫోను ఒకటి నేర్చుకోవాలి. ఎక్కడున్నాడో నాకు తెలియాలి, దారి తప్పితే నన్ను పిలవగలగాలి. అది వచ్చిన రోజు గురువారాలు ఆయనవి.

"ఈ వయసులో నన్ను బడికి పంపిస్తా ఉండావు పాపా," అన్నాడు.

అప్పటిదాకా ఆయన దగ్గర ఉండింది బటన్ల ఫోను. ఒళ్ళంతా ప్లాస్టిక్కు. అలమార పైనుంచి పడి, మెట్ల మీద పడి, ఒకసారి సాంబారులో కూడా పడి బతికింది. కింద పడితే మూత ఒక పక్క, బ్యాటరీ ఒక పక్క, ఒళ్ళు ఒక పక్క. ఏరుకొచ్చి నొక్కితే మళ్ళీ మామూలే. పడినప్పుడు విడిపోవడం తెలిసిన వస్తువే ఎక్కువ కాలం ఉంటుందని నాయన దాన్ని మెచ్చుకునేవాడు. ఆ ఫోను దారి తప్పినవాణ్ణి ఇంటికి చేర్చదు కదా అని నేను.

నా ఉద్యోగం ఫోన్ల అంగట్లో. పదిహేనేళ్ళుగా కౌంటరు వెనక నిలబడి అమ్ముతున్నాను, రిపేరుకు వచ్చినవి తీసుకుంటున్నాను. కాబట్టి ఫోను ఒళ్ళు దేనితో చేస్తారు, ఏది ఎంతకాలం నిలుస్తుంది అనే విషయంలో నన్ను ఎవరూ మోసం చెయ్యలేరని నాకో పొగరు. వెనక గాజు ఉన్న ఫోను అద్దంలా మెరుస్తుంది. మనవాళ్ళ చేతి చెమటకు సబ్బుముక్కలా జారుతుంది. జారితే సాలెగూడులా పగిలి మా కౌంటరు మీదికొస్తుంది. అల్యూమినియం పగలదు, సొట్ట పడుతుంది. ఎండాకాలం స్కూటరు పెట్టెలో వదిలేస్తే దోసెపెనమే. ప్లాస్టిక్కు తేలిక, దేనికీ చలించదు. తెల్లదైతే రెండేళ్ళలో పాత స్విచ్చుబోర్డు రంగుకు వస్తుంది. స్టీలు అంచున్నవి గంభీరంగా ఉంటాయి, బరువు కూడా అంతే. టైటానియం అని కొత్తగా వచ్చింది, దాన్ని అడిగేవాళ్ళకంటే తాకి చూసి పోయేవాళ్ళు ఎక్కువ. తోలులాంటి వీపున్న ఫోన్లు మొదటి నెల ముద్దొస్తాయి. ఈ ఊరి ఉక్కకు అంచుల్లో పైకి లేస్తాయి.

ఇంతా చెప్పి కొనిపిస్తే జనం చేసేదేమిటి? ఫోను పెట్టె విప్పగానే రబ్బరు కవరు తొడుగుతారు. ఆ కవరుకూ ఫోనుకూ మధ్య బస్సు పాసు, గుళ్ళో ఇచ్చిన కుంకుమ పొట్లం, పిల్లల పాస్‌పోర్టు ఫోటో. ఇక గాజైతేనేం, బంగారమైతేనేం. ఒక్కోసారి నాకు చిర్రెత్తుకొస్తుంది. ఇన్ని రకాల ఒళ్ళు తయారుచేసిన వాళ్ళు ఒక్కరోజు మా కౌంటరు దగ్గర నిలబడితే బుద్ధొస్తుంది అనుకుంటాను.

నాయనను ఒప్పించడానికి మా ఓనరును అడిగి, ఒక ఆదివారం అయిదు డెమో ఫోన్లు ఇంటికి తెచ్చాను. భోజనాలయ్యాక బల్ల మీద తుండుగుడ్డ పరిచి వరసగా పెట్టాను. నాయన చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. డ్యూటీలో కొత్త సరుకు వచ్చినప్పుడు ఇట్లాగే కూర్చునేవాడేమో. మా అమ్మాయి పక్కన కుర్చీలో. అప్పుడది పన్నెండో తరగతి. బళ్ళో తమిళం, వీధిలో తమిళం, స్నేహితులతో తమిళం. తెలుగు వినడం సగం వచ్చు, మాట్లాడడం పావు. తాతతో మాత్రం ఆ పావు తెలుగుతోనే ఎట్లాగో నెట్టుకొస్తుంది.

మొదట గాజు వీపుది అందుకున్నాడు. ఒక పక్క నిమిరాడు, ఇంకో పక్క నిమిరాడు, తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. "దీనికి రెండు పక్కలా ముఖమే," అన్నాడు. నేను నవ్వాను గాని, ఆయన సరిగ్గానే పట్టుకున్నాడు. నా నంబరు నొక్కి ఇచ్చి మాట్లాడమంటే, కెమెరాలున్న వైపు చెవికి ఆనించుకుని హలో హలో అని కేకలు పెట్టాడు. తలకిందులుగా కూడా ఉంది. తరవాత దాన్ని పంచె మీద పెట్టుకున్నాడు, అది ఒడిలోంచి చేపలా జారింది. మా అమ్మాయి పట్టుకుంది కాబట్టి నా ఉద్యోగం నిలిచింది.

తోలులాంటిది ముక్కు దగ్గర పెట్టుకుని, ఏ జంతువుదని అడిగాడు. ఏ జంతువుదీ కాదు నాయనా అంటే, మరి ఎందుకు ఇంత కష్టపడ్డారు అన్నాడు. ప్లాస్టిక్కు దాన్ని కొట్టి, "మంచిదే. కాకపోతే గాజు మాదిరి నటిస్తా ఉంది," అని దాని గురించి కోడంబాక్కం స్నేహితుడికి నా ఫోన్లోంచి అప్పటికప్పుడు చెప్పాడు. ఆ స్నేహితుడు, తాను థర్మాకోలుతో కట్టిన రాతిస్తంభాలకు ఆనుకుని ఎంతమంది రాజులు ఏడ్చారో లెక్కలేదనీ, నటించడం కూడా పనితనమేననీ వాదించాడు. ఇద్దరికీ అక్కడే కాసేపు పోట్లాట అయింది. ఆయన గొంతు విన్నాక నాయన ముఖంలో కాస్త కళ వచ్చింది, ఫోను పెట్టేయగానే అది పోయింది. నాకు లోపల చివుక్కుమంది. ఫోన్లో పోట్లాడుకుంటే ఆయనకు సరిపోదని అప్పుడే తెలిసింది.

స్టీలు అంచున్నది చేతిలో పడగానే ముఖం వెలిగింది. బొటనవేలితో అంచు పొడవునా రాసి, ఎక్కడా గరుకు లేదు, చేసినవాడు పనిమంతుడు అన్నాడు. దాని ధర నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. చొక్కా జేబులో వేసుకుంటే మాత్రం కాలరు ఒక పక్కకు లాగేసింది. నవ్వుకుని తనే తీసి బల్ల మీద పెట్టాడు.

అప్పుడు స్టవ్ మీద పాలు పొంగుతున్న వాసన వచ్చి నేను వంటింట్లోకి పరిగెత్తాను. కాఫీ కలిపి తెచ్చేసరికి పరీక్ష అయిపోయింది. నాయన పెరట్లోకి పోయాడు. తాతకు ఏది నచ్చిందని మా అమ్మాయిని అడిగాను. అది అల్యూమినియం ఫోను చూపించింది.

"ఇదే మా. సత్తు, సత్తు అని రెండు తూరి చెప్పినారు."

నాకు ఏ అనుమానమూ రాలేదు. తమిళంలో సత్తు అంటే బలం. పిల్లలకు పొద్దున్నే కాచి పోసే పిండిని ఇక్కడ సత్తుమావు అంటారు. మా అమ్మాయి అది తాగే పెరిగింది. దాని నోటి నుంచి వచ్చిన మాట కాబట్టి దాని భాషలోనే విన్నాను. తాతకు గట్టిగా అనిపించిందన్నమాట, మంచిది, ధర కూడా మనకు అందేదే అనుకున్నాను. మర్నాడే కొని, నా పేరు మీద బిల్లు చేయించి, పెట్టె విప్పి సిమ్ము కూడా వేసి సాయంత్రానికి తెచ్చి నాయన చేతిలో పెట్టాను.

ఆయన గోటితో ఒకసారి కొట్టాడు. ముఖం చిట్లించుకున్నాడు.

"ఇది సత్తు అని చెప్పినా గదా పాపా. దాన్నే తెచ్చినావే."

అప్పుడు తలకెక్కింది నాకు. మా ఇళ్ళల్లో సత్తు అంటే అల్యూమినియం. సత్తు గిన్నె, సత్తు చెంబు. ఇత్తడి కొనలేని ఇంట్లో ఉండే సామాను. చెల్లని రూపాయిని కూడా సత్తు రూపాయి అంటాడు నాయన. ఆయన చీదరించుకుని పక్కన పడేసిన మాటనే నా కూతురు మెచ్చుకోలుగా విని, నేనేమో నమ్మి, ఇద్దరమూ కలిసి ఇంటికి తెచ్చాము. సిమ్ము వేసిన ఫోను మా అంగట్లో వెనక్కి తీసుకోరు. ఆ రూలు కస్టమర్లకు చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది.

నాకు నవ్వొచ్చింది, పక్కకు చూసేసరికి ఆగిపోయింది. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు. ఫోను గురించి కాదు. తాత చెప్పేవాటిలో ఇంకా ఎన్ని ఇట్లా తలకిందులుగా విన్నానో అని అడిగింది, తమిళంలోనే. దానికి తెలుగు నేర్పించకుండా రేపూ ఎల్లుండీ అని వాయిదా వేసింది నేనే. అంగడి, వంట, ఇల్లు అని సాకులు చెప్పుకున్నది నేనే. సిగ్గేసింది నాకు.

దాని ముక్కు ఎగపీల్పు విని నాయన గుర్తుపట్టాడు. చెయ్యి చాపి దాని తల వెతుక్కుని నిమిరాడు. ఫోను మళ్ళీ అందుకుని, ఇదే నాకు కావాలి, దీన్ని మార్చే పని లేదు అన్నాడు. మనవరాలి కోసం అన్నాడని అందరికీ తెలుసు. మనవరాలికి కూడా.

రెండు రోజుల తరవాత అంగడి నుంచి ఇంటికొస్తుంటే మెట్ల మీదే కర్ కర్‌మని చప్పుడు వినిపించింది. లోపల నాయన కింద కూర్చుని ఉన్నాడు. మంచం కింది ఇనప పెట్టె తెరిచి ఉంది, అందులో ఆయన పాత పనిముట్లు. ఎడమ చేతిలో కొత్త ఫోను, దాని బెజ్జాలకు సెల్లోటేపు. కుడి చేతిలో మూడు పలకల ఆకురాయి. మా అమ్మాయి ఎదురుగా కూర్చుని టార్చి పట్టుకుంది. టార్చి ఎవరికోసమో దేవుడికే తెలియాలి.

నేను ఇల్లు అదిరేలా అరిచాను. ఫోన్ల మీద గోటిగీత పడినా గుండె బాదుకునే మనుషులను రోజంతా ఓదార్చి వచ్చాను. ఇక్కడ మా ఇంట్లోనే కొత్త ఫోనును ఆకురాయితో రాకుతున్నారు. వారంటీ పోయిందన్నాను, బుద్ధి ఉందా అన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. నాయన నేను ముగించేదాకా ఆగాడు. పొడి ఊది, టేపు పీకి, ఫోను నా చేతికిచ్చాడు. కళ్ళు మూసుకుని పట్టుకోమన్నాడు.

మూసుకున్నాను. కుడి అంచు మీద, బొటనవేలు సహజంగా ఆనే చోట, ఒక చిన్న గాటు. కింది అంచున చార్జరు బెజ్జం పక్కన రెండు గాట్లు. తిప్పి పట్టుకుంటే బొటనవేలికి గాటు తగలదు, ముఖం అవతల పక్క ఉందని అర్థం. తలకిందులైతే రెండు గాట్లు పైకి వస్తాయి. ఒక్క క్షణంలో తెలిసిపోయింది, చూపుతో పని లేదు. అంచులు ఎంత నున్నగా రాకాడంటే వేలికి గుచ్చుకోనే లేదు. రైలు పెట్టెలో ఏ ముక్క ఏ పక్క బిగించాలో తెలియడానికి వాళ్ళు ఇట్లాగే గాట్లు పెట్టేవాళ్ళట.

"ఇనుము అంత సులభంగా మాట వినదు పాపా. గాజును రాకితే పగిలిపోతాది. సత్తు వింటాది," అన్నాడు నాయన. కొంచెం ఆగి, "నేనే దాన్ని తక్కువ చేసి మాట్లాడినా," అన్నాడు.

నేనూ వాళ్ళ పక్కనే కింద కూర్చున్నాను. పదిహేనేళ్ళుగా ఆ లోహం గురించి నేను చెప్పేది ఒక్కటే, మెత్తనిది, గీతలు పడుతుంది, సొట్టలు పడుతుంది, జాగ్రత్త. ఆ మెత్తదనమే ఒక మనిషికి పనికొస్తుందని తోచనే లేదు. నాకు తోచాలంటే నేనూ చూపు లేకుండా వేళ్ళతోనే ఫోను పట్టాలేమో. మా అమ్మాయి తన ఫోనుకు కూడా గాటు పెట్టమని తాత వెంటపడింది. ఆకురాయి ముందుకు తోసేటప్పుడే ఒత్తాలనీ, వెనక్కి లాగేటప్పుడు ఒత్తకూడదనీ దానికి నేర్పించాడు. ఆ సాయంత్రం దానికి ఎన్ని తెలుగు మాటలు వచ్చాయో లెక్క లేదు. ఇద్దరి చేతులకూ బూడిదరంగు పొడి. తిట్టే ఓపిక లేక కాఫీ పెట్టుకొచ్చాను.

ఆ తరవాత చదువు మొదలైంది. తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో ఫోను చదివి చెబుతుంది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. మా అమ్మాయి పంతులమ్మ. భాష తెలుగు పెట్టింది. ఫోనులోని ఆడగొంతు పుస్తకంలో రాసినట్టు మాట్లాడుతుంటే నాయన కొంచెంసేపు విని, ఈమెది ఏ ఊరని అడిగాడు. ఆమె చెప్పినదానికల్లా సరేమ్మా అని జవాబిచ్చేవాడు. మొదటి వారం నాకు పద్దెనిమిది సార్లు పొరపాటున ఫోను చేశాడు. రెండోవారం మా ఓనరుకు వీడియో కాల్ వెళ్ళింది, అందులో మా ఇంటి సీలింగు ఫ్యాను కనిపించింది. మూడోవారం విసిగిపోయి ఫోను దిండు కింద పెట్టి పడుకున్నాడు. మా అమ్మాయి ఊరుకోలేదు. చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. నెల గడిచేసరికి, బొటనవేలు గాటు మీద పడగానే ఫోను సరిగ్గా తిరిగేది, నా నంబరు వెతికి మోగించేవాడు. తను ఎక్కడున్నాడో అడిగితే ఫోను చెప్పేది. ఒకసారి మందుసీసా మీద రాసినది చదివించుకుని, మందు గడువు తేదీ దగ్గరపడిందని నాకే చెప్పాడు.

అప్పుడు నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేనే చెప్పాను, ఈ గురువారం పోవచ్చు నాయనా, పార్కు చేరగానే ఫోను చెయ్యి అని.

మాట ఇచ్చానే గాని, నా గుండె నా మాట వినలేదు. గురువారం పొద్దున అంగడికి పోతున్నట్టు బయలుదేరాను. వీధి చివర పూలంగడి పక్కన నిలబడ్డాను. నాయన ఉతికిన చొక్కా వేసుకుని, కర్ర తడుముకుంటూ వచ్చాడు. ఇరవై అడుగుల దూరంలో వెనకే నడిచాను. అదే పెట్టెలో ఇంకో తలుపులోంచి ఎక్కాను. రైలు వ్యాసర్పాడి దాటింది. ఆయన పక్కనున్న ఎవరితోనో మాట్లాడుతున్నాడు, నవ్వుతున్నాడు. సెంట్రల్‌లో జనమంతా దిగేదాకా ఆగి దిగాడు. సబ్‌వేలో ఎడమచెయ్యి గోడకు ఆనించి, పలకల మీద వేళ్ళు జరుపుకుంటూ నడిచాడు. ఒకచోట ఆగాడు. ఎవరినో అడిగాడు, వాళ్ళు చేత్తో చూపించారు, చెయ్యి చూపిస్తే నాకేం తెలుస్తుందయ్యా నోటితో చెప్పు అన్నాడు. వాళ్ళు చెప్పారు. సరైన మెట్లే ఎక్కాడు.

పార్కు స్టేషను ప్లాట్‌ఫారం మీద ఆయన ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. నేను ఇంకో స్తంభం వెనక. మా మధ్య పది అడుగులు ఉంటాయేమో. జేబులోంచి ఫోను తీశాడు, బొటనవేలు జరిపాడు, తిప్పాడు, చెవికి పెట్టుకున్నాడు. నా చేతిలో ఫోను వణికింది. తెలివిగా ముందే సైలెంటులో పెట్టుకున్నాను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎత్తాను.

"పార్కు చేరినా పాపా. నువ్వేడ ఉండావు?"

"అంగట్లో ఉండా నాయనా," అన్నాను, గుసగుసగా.

అప్పుడే నెత్తి మీది మైకులో తాంబరం వెళ్ళే రైలు వస్తోందని మొదలుపెట్టారు. ఆయన చెవిలోనూ అదే, నా ఫోనులోంచి ఆయన ఫోనులోకి పోయిందీ అదే. నాయన కదలకుండా విన్నాడు. మైకు ఆగేదాకా ఆగాడు.

"మీ అంగట్లో గూడా తాంబరం రైలు వస్తాదా?"

ఆయన నా వైపు తిరగలేదు, ఎక్కడున్నానో వెతకలేదు. తిట్టలేదు కూడా. గొంతు తగ్గించి, చిన్నప్పుడు నన్ను బడి గేటు దగ్గర దింపి మాట్లాడిన గొంతుతో చెప్పాడు.

"వచ్చింది వచ్చినావు. ఆడనే ఉండు. ఎక్కేది చూసి ఇంటికి పో."

రైలు వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. నాయన కర్రతో అంచు వెతుక్కున్నాడు, ఒకసారి దొరకలేదు. నా కాలు ముందుకు పోయింది, నేనే దాన్ని వెనక్కి లాక్కున్నాను. రెండోసారి దొరికింది. తలుపు పక్క కమ్మీ పట్టుకుని ఒక్క ఊపున ఎక్కాడు. ఎవరో సీటు ఇవ్వబోతే వద్దని చెయ్యి ఊపి, గాలి తగిలే చోట నిలబడ్డాడు.

రైలు కదిలింది. ఆయన ముఖం నా వైపు లేదు, కోడంబాక్కం వైపు ఉంది. ఆయన ఉండమన్న చోటే ఉన్నాను.